ఎడారికి ఎంత వాన? మిల్లీమీటర్ల లెక్కలో తిరకాసు

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురం. ఈ మాట వినకుండా పెరిగిన సీమవాసి ఉండడు. సభల్లో నాయకులు, పత్రికల్లో విలేకరులు, పోటీ పరీక్షల గైడ్లు, అందరూ దాన్ని అప్పజెబుతూనే వచ్చారు. తీరా అంకెలు ముందు పెట్టుకుంటే మాట నిలబడదు. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 552 మిల్లీమీటర్లు. జైసల్మేర్‌లో 200 లోపే. ఈ రెండింటి నడుమ శ్రీగంగానగర్ ఉంది, బికనీర్ ఉంది, బార్మర్ ఉంది, జోధ్‌పూర్ ఉంది. లద్దాఖ్‌లోని లేహ్ అయితే జైసల్మేర్ కంటే కూడా కిందే, 100 మిల్లీమీటర్ల దగ్గర.

ఇంకా ఇబ్బంది పెట్టే అంకె మరొకటుంది. లండన్‌లో ఏడాది పొడవునా కలిపి పడే వాన ఇంచుమించు 600 మిల్లీమీటర్లు. అనంతపురం కంటే ఒకటి రెండు మంచి వానలు ఎక్కువ, అంతే. అక్కడ పార్కుల్లో పచ్చిక చలికాలంలోనూ పచ్చగానే ఉంటుంది. ఇక్కడ బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలు పొలాల మీదికొచ్చి పడుతున్నాయి. పడే వానలో పెద్ద తేడా లేనప్పుడు నేలలో ఇంత తేడా ఎలా వచ్చింది?

ఎడారిలో ఎంత వాన పడుతుంది అని అడిగితే పుస్తకం చెప్పే సమాధానం ఒక్క ముక్క: ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు. తప్పు కాదు గానీ, ఆ ముక్కతో సరిపెట్టుకుంటే లండన్ సంగతీ అర్థం కాదు, అనంతపురం సంగతీ అర్థం కాదు.

250 అనే గీత

ముందు కొలత గురించి. వాన మిల్లీమీటర్లలో చెబితే చాలామందికి మనసుకెక్కదు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. ఎకరా మీద అదే ఒక్క మిల్లీమీటరు నాలుగు వేల లీటర్లు దాటుతుంది. అంటే 250 మిల్లీమీటర్ల ‘ఎడారి వాన’ ఎకరాకు పది లక్షల లీటర్ల నీళ్లు. మన వాతావరణ శాఖ రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూసి, అప్పటికి గడిచిన ఇరవై నాలుగు గంటల వాన రాసుకుంటుంది. 2.5 మిల్లీమీటర్లో, అంతకు మించో పడితేనే దాన్ని ‘వాన రోజు’గా లెక్కిస్తుంది.

అమెరికా భూగోళ శాస్త్రవేత్త పెవెరిల్ మీగ్స్ 1953లో యునెస్కో కోసం ప్రపంచంలోని పొడినేలలను విభజించాడు. ఆ పద్ధతి వాడుకలో స్థిరపడ్డ తీరు ఇదీ: 250 లోపు పడితే శుష్క ప్రాంతం, 250 నుంచి 500 దాకా అర్ధశుష్కం, వరసగా పన్నెండు నెలలు చుక్క పడకుండా గడిచిన దాఖలా ఉంటే అతిశుష్కం. ఈ గీత పట్టుకుని చూస్తే జోధ్‌పూర్ ఎడారి కాదు. అక్కడ 350 పైనే పడుతుంది. థార్ ఎడారికి తలవాకిలి అని పర్యాటక శాఖ ప్రచారం చేసుకునే ఊరు అది!

గీతకు కింద ఉన్నవాటిలోనూ హస్తిమశకాంతరం. అమెరికాలోని ఫీనిక్స్, మనవాళ్లు బాగా స్థిరపడ్డ ఊరే, 180 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది. దుబాయ్ వంద లోపు. సహారాలో సగం మేర 25 మిల్లీమీటర్లు కూడా పడవు. ఈజిప్టులో నైలు ఒడ్డున ఉన్న అస్వాన్ సగటు ఒక్క మిల్లీమీటరు. చిలీ ఉత్తర కొసన పసిఫిక్ తీరంలో ఉన్న ఆరికా అందరికంటే కింద, 0.76 మిల్లీమీటర్లు. ఒక ఏటీఎం కార్డు మందమంత. ఆ ఊళ్లో 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి దాకా, మొత్తం 173 నెలలు, కొలవదగ్గ వాన పడలేదు. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో అతి పొడవైన వానలేని కాలం అదే. అక్కడ 1904లో పుట్టిన పిల్లవాడు పద్నాలుగో ఏట గానీ వాన చూసి ఉండడు.

అన్నిటికంటే పెద్ద ఎడారి మాత్రం వీటిలో లేదు. సహారా 92 లక్షల చదరపు కిలోమీటర్లయితే అంటార్కిటికా కోటీ నలభై లక్షలు. ఖండం నడిబొడ్డున ఏడాదికి పడే మంచును కరిగించి కొలిస్తే 50 మిల్లీమీటర్ల నీళ్లు కూడా రావు. కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండటం వల్ల అక్కడ నీటికి కరవు ఉంటుందని ఎవరికీ తోచదు. అది ఏటా కురిసిన దండి మంచు కాదు, కరగకుండా లక్షల ఏళ్లు మిగిలిపోయిన కొద్దిపాటి మంచు. ఎడారి అనగానే ఇసుక, ఒంటె, ఎండ తలుచుకునే అలవాటు మనది. వాటిలో ఏ ఒక్కటీ ఎడారికి తప్పనిసరి కాదు.

పడింది ఎంత అన్నది సగం లెక్కే

ఒకరి జీతం ఎంతో చెబితే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో తెలియదు, ఖర్చు కూడా చెప్పాలి. వాన నేలకు జీతం. ఖర్చు పెట్టేది ఎండ, గాలి, మొక్కలు. నేలలో నీరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటే ఒక ఏడాదిలో ఎంత ఆవిరై పోగలదో లెక్క కడతారు. నిజంగా ఆవిరైంది కాదు, ఆవిరి చేయగల సత్తా. లండన్‌లో ఆ సత్తా పడే వానకు అటూ ఇటూగా సరిపోతుంది. చలికాలంలో ఎండ ఉండదు, ఉన్నా కాకుండదు, పడ్డ చినుకు నేలలోనే ఉండిపోతుంది. అనంతపురంలో ఆవిరి సత్తా వానకు మూడు రెట్లు దాటుతుంది. 552 మిల్లీమీటర్లు పడే చోట 1,650కి పైగా పీల్చుకోగల ఎండ, గాలి ఉన్నాయి. జూన్, జులైల్లో పడమటి నుంచి వీచే ఆ గాలి ఎలాంటిదో అక్కడ బట్టలు ఆరేసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకే శాస్త్రజ్ఞులు ఇప్పుడు వానను ఆవిరి సత్తాతో భాగించి చూస్తారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కలో ఆ భాగఫలం 0.05 లోపుంటే అతిశుష్కం, 0.20 లోపుంటే శుష్కం, 0.50 లోపుంటే అర్ధశుష్కం. ఈ లెక్కన అనంతపురం 0.3 చుట్టుపక్కల తేలి అర్ధశుష్క ప్రాంతం అవుతుంది.

అయితే మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న కొలత వేరు. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త థార్న్‌త్‌వైట్ పద్ధతి మీద కట్టిన తేమ సూచిక అది. అందులో మైనస్ 66.7 కంటే కిందికి పోతే శుష్క ప్రాంతం. ఆ వింత అంకె వెనక ఉన్నది తేలిక లెక్కే: వాన, ఆవిరి సత్తాలో మూడో వంతుకు తక్కువగా ఉండాలి. అంటే ఐక్యరాజ్యసమితి గీత ఐదో వంతు దగ్గరుంటే మన గీత మూడో వంతు దగ్గరుంది. అనంతపురం సరిగ్గా ఈ రెండు గీతల మధ్య ఇరుక్కుంది. మన లెక్కలో వేడి శుష్క ప్రాంతాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ వాటా 21 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో సింహభాగం అనంతపురానిదే. ప్రొఫెసర్ సీహెచ్ హనుమంతరావు కమిటీ 1994లో చేసిన సిఫార్సుల తర్వాత కేంద్రం ‘ఎడారి అభివృద్ధి పథకం’లోకి రాజస్థాన్, గుజరాత్ జిల్లాల సరసన అనంతపురాన్నీ చేర్చింది.

కాబట్టి ‘జైసల్మేర్ తర్వాత అనంతపురమే’ అన్నది వాన లెక్కగా తప్పు. కానీ అది పుట్టిన బాధ కల్పన కాదు. అంకె తప్పు, అనుభవం నిజం. నాకు ఆ నినాదంతో ఉన్న పేచీ ఒక్కటే. వాన తక్కువ కాబట్టి కరవు అని అది తేల్చేస్తుంది. వాన ఎంత అన్నదానికంటే పడ్డ నీరు నేలలో ఎన్నాళ్లు నిలుస్తోంది, రెండు వానల మధ్య ఎడమెంత అన్న ప్రశ్నలు అక్కడి శనక్కాయ రైతుకు ముఖ్యం. జిల్లా వానలో 340 మిల్లీమీటర్లు నైరుతిలో, 155 దాకా ఈశాన్యంలో వస్తాయి. జులైలో విత్తనం పడ్డాక ఆగస్టులో మూడు వారాల బెట్ట తగిలితే, సెప్టెంబరులో కుండపోతగా కురిసి లోటంతా పూడ్చినా ఊడ (భూమిలోకి దిగి కాయ కట్టే కాడ) ఎండిపోయిన పైరు తిరిగి రాదు. ఏడాది చివర పట్టికలో మాత్రం ‘సాధారణ వర్షపాతం’ అనే ఉంటుంది. అదునూ పదునూ పట్టికలకెక్కవు.

హొన్నూరు ఇసుక సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. ఆ దిబ్బలను చూసి ఎడారి నడిచొస్తోందని రాస్తారు. ఆ ఇసుక రాజస్థాన్ నుంచి రాలేదు, పక్కనే ఉన్న వేదవతి నది పొట్టలోంచి వచ్చింది. హగరి అని కూడా పిలిచే ఆ నది ఏడాదిలో ఎక్కువ కాలం ఒట్టిపోయి ఉంటుంది. ఎండిన ఇసుకను నైరుతి గాలి ఒడ్డుకు ఎగదోస్తుంది. నదిలో నీళ్లు పారితే ఇసుక తడిసి కదలకుండా ఉంటుంది.

సగటు చెప్పే అబద్ధం

ఎడారి వాన గురించి చెప్పే ఏ అంకైనా సగటే. వాన ఎక్కువ పడే చోట సగటుకు అర్థం ఉంది. కోస్తాలో వెయ్యి మిల్లీమీటర్ల సగటున్న ఊళ్లో ఏ ఏడాదైనా ఎనిమిది వందలో పన్నెండు వందలో పడుతుందని అనుకోవచ్చు. ఎడారిలో అలా కాదు. పదేళ్లలో తొమ్మిదేళ్లు చుక్క లేక, పదో ఏట ఒక్క పూటలో వంద మిల్లీమీటర్లు కురిసిందనుకోండి. సగటు పది మిల్లీమీటర్లు వస్తుంది. ఆ పది ఏ ఒక్క ఏడాదీ పడలేదు! నేల చిన్నదైన కొద్దీ, వాన తగ్గిన కొద్దీ ఈ వంకర పెరుగుతుంది.

2024 ఏప్రిల్ 16 దుబాయ్‌లో ఉన్న మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏడాదికి వంద మిల్లీమీటర్లు కూడా పడని ఊరి విమానాశ్రయంలో ఒక్క రోజులో 140 దాటింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 254.8 మిల్లీమీటర్లు, 24 గంటలు కూడా తిరక్కుండా. అంటే ఎడారికి పుస్తకం గీసిన ఏడాది గీతను ఒక్క రోజులో దాటేసింది. ఆ దేశంలో 1949 నుంచి లెక్కలు రాస్తున్నారు, అంత వాన ఎన్నడూ రాయలేదు. విమానాలు నీళ్లలో పడవల్లా కదిలిన వీడియోలు మన ఫోన్లలోకి వచ్చిన వెంటనే, ‘మేఘమథనం బెడిసికొట్టింది’ అన్న సందేశం కూడా వచ్చింది. అక్కడి వాతావరణ కేంద్రం ఆ తుపాను సమయంలో మబ్బుల్లో ‘విత్తనాలు’, అంటే వాన కురిపించేందుకు చల్లే రజను, చల్లలేదని ప్రకటించింది. చల్లారనుకున్నా, ఉన్న మబ్బు నుంచి కొంచెం ఎక్కువ పిండటం తప్ప లేని మబ్బును పుట్టించే శక్తి ఆ పద్ధతికి లేదు. అంత పెద్ద వాన వస్తుందని అంచనాలు రోజుల ముందే చెప్పాయి. అదే తుపాను ఒమన్‌లోనూ పిల్లలతో సహా కొందరిని బలి తీసుకుంది.

బార్మర్ కథ ఇంతకంటే చేదు. 2006 ఆగస్టులో ఏడాది సగటుకు దాదాపు రెట్టింపు వాన కొద్ది రోజుల్లోనే కుమ్మరించింది. కవాస్ అనే ఊరు ఇళ్ల కప్పుల దాకా మునిగింది. వంద మందికి పైగా చనిపోయారు. ఇసుక నేల కదా, నాలుగు రోజుల్లో ఇంకిపోతుందిలే అనుకుంటే ఇంకలేదు. ఇసుక కింద జిప్సం పొర ఉంది, అది నీటిని కిందికి పోనివ్వలేదు. వాన ఆగిన ఎంతో కాలానికీ ఎడారి మధ్యలో చెరువు నిలిచే ఉంది. అక్కడి ఇళ్లు పల్లంలో ఎందుకు కట్టుకున్నారంటే, నీరు దొరికేది పల్లంలోనే కాబట్టి. మామూలు ఏళ్లలో బతికించే చోటే ఆ ఏడు ముంచింది.

వర్షమాపకం కూడా ఎడారిలో మోసం చేస్తుంది. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ మీద మేఘం బద్దలైంది. బురద, బండరాళ్లు కొండల మీది నుంచి దిగి రెండొందల మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఎండకు ఆరబెట్టిన మట్టి ఇటుకల ఇళ్లు, చదును కప్పులు. వాన పడదన్న నమ్మకంతో కట్టుకున్నవి. మర్నాడు లేహ్ విమానాశ్రయం దగ్గరి మాపకంలో ఉన్నది 12.8 మిల్లీమీటర్లు! మన దగ్గర దాన్ని ఓ మోస్తరు జల్లు అంటాం. కుండపోత కురిసింది కొన్ని కిలోమీటర్ల అవతల కొండ వాలుల మీద. అక్కడ మాపకం లేదు. ఎడారి వాన ఊరంతా పరుచుకుని పడదు, ఒక చెక్క మీద పడి పక్క చెక్కను వదిలేస్తుంది. వందల కిలోమీటర్లకు ఒక మాపకం ఉన్న సహారాలో ఎంత వాన లెక్కకు రాకుండా పోతుందో ఆలోచించండి. ఉపగ్రహం చూస్తుంది కదా అంటే, దానికి ఇంకో చిక్కు. మబ్బులోంచి బయల్దేరిన వాన నేలకు చేరకుండా వేడిగాలిలోనే ఆవిరైపోవడం ఎడారుల్లో రోజూ ఉండే తంతు. ఆకాశం నుంచి తెర వేలాడుతున్నట్టు కనిపిస్తుంది, కింద మాత్రం పొడి. పైనుంచి చూసే యంత్రం దాన్ని వానగానే రాసుకోవచ్చు.

తేమ ఉండీ కురవదేం

గాలిలో తేమ లేకపోవడం వల్లే ఎడారి అనుకుంటారు. ఆగస్టులో దుబాయ్ రోడ్డు మీద పది నిమిషాలు నడిచిన వాళ్లు ఒప్పుకోరు. చొక్కా పిండితే నీళ్లు కారుతాయి, చినుకు మాత్రం ఉండదు. వాన కావాలంటే తేమ ఒక్కటే చాలదు, ఆ తేమ పైకి లేచి చల్లబడాలి. ఎడారుల మీద గాలి లేవదు, దిగుతుంది.

భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి, ఉన్న నీళ్లన్నీ అక్కడి అడవుల మీద కుమ్మరించి, పొడిబారి ఉత్తరానికీ దక్షిణానికీ పోతుంది. 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, కిలోమీటరుకు పది డిగ్రీల లెక్కన. వేడెక్కిన గాలిలో మబ్బు కట్టదు. సహారా, అరేబియా, దక్షిణాన కలహారి, ఆస్ట్రేలియా ఎడారులన్నీ ఆ పట్టీల మీదే ఉన్నాయి. కొండ అడ్డం రావడం రెండో కారణం. చిలీలోని అటకామా ఎడారికి తూర్పున ఆండీస్ గోడ. పడమటి కనుమల మీద ఆగుంబెలో ఏడు వేల మిల్లీమీటర్లు పైబడి కురిస్తే, ఆ గాలి అవతలికి దిగి అనంతపురం చేరేసరికి చేతులు ఖాళీ. అటు బంగాళాఖాతం వాయుగుండాలు అక్కడిదాకా వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. రెండు వైపులా తోక కొసనే ఉన్న జిల్లా అది. సముద్రానికి మరీ దూరం కావడం మూడోది, గోబీ అందుకు ఉదాహరణ.

థార్ మాత్రం ఈ లెక్కలకు అంత తేలిగ్గా లొంగదు. నైరుతి వేళ అరేబియా సముద్రం మీది తేమ గాలి దాని మీదుగానే పోతుంది. కానీ ఆ తడి పొర పలచన. దాని పైన పడమటి ఎడారుల నుంచి వచ్చే వేడి పొడిగాలి మూతలా కూర్చుంటుంది. ఆరావళి కొండలు అడ్డుకుంటాయా అంటే, అవి గాలి వచ్చే దిశలోనే వరసగా నిలబడ్డాయి. అడ్డుకోవు, దారిస్తాయి. ఎప్పుడో ఒక అల్పపీడనం మధ్యప్రదేశ్ దాటి అంతదూరం వచ్చి ఆ మూత తీస్తే, అప్పుడు కురుస్తుంది. కురిస్తే బార్మర్‌లా కురుస్తుంది.

అటకామా తీరంలో ఇంకో విచిత్రం. హంబోల్ట్ చల్లని ప్రవాహం సముద్రాన్నీ, దాని మీది గాలినీ చల్లబరుస్తుంది. చల్లటి గాలి బరువు, పైకి లేవదు. వాన లేదు, దట్టమైన పొగమంచు ఉంది. అక్కడివాళ్లు దాన్ని కమంచాక అంటారు. ఆ మంచు ఏ వర్షమాపకంలోనూ పడదు. చుంగుంగో అనే జాలర్ల పల్లె వాళ్ల కోసం పై కొండ మీద సన్నని వలలు నిలబెట్టారు. 1990లలో వాటికి పట్టిన తుంపరలు కారి గొట్టాల గుండా ఊరికి చేరేవి, రోజుకు వేల లీటర్లు. ఆఫ్రికాలో నమీబ్ ఎడారి తీరాన ఒక నల్లపురుగు తెల్లవారుజామున దిబ్బ శిఖరం మీద తల కిందికి, వెనక భాగం పైకి పెట్టి నిలబడుతుంది. వీపు మీద చేరిన మంచు బొట్టు నోట్లోకి జారుతుంది. ఇలాంటి చోట్ల ‘వర్షపాతం’ పట్టిక చూసి నీటి లెక్క తేల్చడం కుదరదు.

వంద మిల్లీమీటర్లతో గోధుమ

పడ్డ వాన ఎలా పడిందన్నది ఎంత పడిందన్నదాని కంటే ముఖ్యం అనడానికి ఒక లెక్క. వంద మిల్లీమీటర్ల వాన నాలుగేసి మిల్లీమీటర్ల చొప్పున పాతిక జల్లుల్లో వస్తే, ప్రతి జల్లూ మట్టి పైపొరను తడిపి మర్నాటి మధ్యాహ్నానికల్లా ఎగిరిపోతుంది. అదే పాతికేసి మిల్లీమీటర్ల చొప్పున నాలుగు వానల్లో వస్తే వేళ్ల దాకా దిగుతుంది. ఇక్కడ ఇసుక మీద మనకున్న చిన్నచూపు కూడా మార్చుకోవాలి. తడి ప్రాంతాల్లో బంకమట్టి మేలు, నీళ్లు పట్టి ఉంచుతుంది. పొడి ప్రాంతాల్లో అది తిరగబడుతుంది. బంకమట్టి వానను పైనే పట్టి ఉంచుతుంది, అక్కడి నుంచి ఎండ లాగేసుకుంటుంది. ఇసుక వెంటనే లోపలికి వదిలేస్తుంది, పైన ఆరిన నాలుగు వేళ్ల ఇసుక కింది తడికి కప్పుగా పనిచేస్తుంది. థార్‌లో ఇసుక దిబ్బ మీద సజ్జ పండేది అందుకే.

నేల తాగనిచోట ఇంకో ఉపాయం. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో అవ్దాత్ అనే చోట ఏడాదికి వంద మిల్లీమీటర్లు కూడా సరిగ్గా పడదు. నబాతియన్లు అనే ప్రాచీన అరబ్బు జాతివాళ్లు, వారి తర్వాతి వాళ్లు అక్కడ ఒకటిన్నర వేల ఏళ్ల కిందటే గోధుమ, ద్రాక్ష పండించారు. ఎలా పండించారో చూద్దామని మైకేల్ ఎవెనారి అనే వృక్షశాస్త్రవేత్త 1950లలో ఆ పాత పొలాలను మళ్లీ సాగులోకి తెచ్చాడు. కిటుకు వాలులో ఉంది. అక్కడి మట్టి మొదటి చినుకులకే పైపెచ్చు కట్టి మూసుకుపోతుంది, నీరు ఇంకకుండా జారిపోతుంది. వందలో పదిహేను మిల్లీమీటర్లు అలా జారాయనుకుందాం. ఒక ఎకరా పొలం కోసం ఇరవై ఎకరాల వాలును వదిలేసి, ఆ నీటిని చిన్న గట్లతో మళ్లిస్తే పదిహేను ఇరవైలు మూడొందలు. పొలం మీద నేరుగా పడ్డ వంద కలిపితే నాలుగొందలు. గోధుమకు చాలు. ఇరవై ఒక్క ఎకరాల ఎడారిని ఒక ఎకరా అర్ధశుష్క భూమిగా మార్చడమన్నమాట.

జైసల్మేర్ చుట్టుపక్కల పాలీవాల్ బ్రాహ్మణులు పదిహేనో శతాబ్దంలో కట్టిన ఖడీన్‌లది ఇదే సూత్రం. రాతి నేల నుంచి జారిన నీటికి పల్లంలో పొడవాటి మట్టికట్ట అడ్డం వేస్తారు. వానాకాలమంతా అక్కడ నీళ్లు నిలుస్తాయి. నీరు ఇంకాక ఆ తడిలోనే రబీకి గోధుమో శనగో చల్లుతారు. బావి లేదు, మోటారు లేదు. మన సీమలో విజయనగర కాలపు బుక్కపట్నం, అనంతసాగరం చెరువులు చేసిన పనీ దీనికి దగ్గరదే, కాకపోతే ఎక్కువ వానతో. నీరు పారే వంకల్లో ఇళ్లు కట్టుకున్నాక ఏమవుతుందో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగినప్పుడు చూశాం. కరవు జిల్లాలో వరద ఏమిటని ఆశ్చర్యపోయిన వాళ్లు బార్మర్ సంగతి తెలియని వాళ్లు.

అక్కడ కురిస్తే ఇక్కడ సెగ

2018 మే నెలలో మెకును తుపాను, అక్టోబరులో లుబాన్ తుపాను అరేబియా సముద్రం నుంచి ఒమన్, యెమెన్ తీరాలను దాటి లోపలికి పోయాయి. లోపల ఉన్నది రుబ్ అల్ ఖాలీ, ‘ఖాళీ చెక్క’ అని పేరున్న ఇసుక సముద్రం. ఏడాదికి 50 మిల్లీమీటర్లు కూడా పడని చోట దిబ్బల నడుమ సరస్సులు నిలిచాయి. ఇసుక తడిసింది, గడ్డి మొలిచింది. ఎడారి మిడత గుడ్లు పెట్టేది తడి ఇసుకలోనే, నాలుగైదు వేళ్ల లోతున. తడి లేకపోతే గుడ్డు పొదగదు. మనుషులెవరూ తిరగని చోటు కావడంతో ఎవరి కంటా పడలేదు. ఒక్కో తరానికి మిడతలు ఇరవై రెట్లు పెరుగుతాయి, తరానికి మూడు నెలలు. మొదటి తుపాను తడి ఆరిపోతే మిడతల పెంపు ఆగేది, రెండో తుపాను నేలను మళ్లీ తడపడంతో మూడు తరాలు నడిచాయి. ఇరవైని మూడుసార్లు హెచ్చిస్తే ఎనిమిది వేలు. తొమ్మిది నెలల్లో ఎనిమిది వేల రెట్లు.

2019లో ఆ దండులు యెమెన్‌కు, తూర్పు ఆఫ్రికాకు, ఇంకోవైపు ఇరాన్, పాకిస్తాన్‌ల మీదుగా రాజస్థాన్‌కు చేరాయి. మామూలుగా మిడతలు థార్ దాటి రావు. 2020 మే నెలలో మధ్యప్రదేశ్ దాటి విదర్భలోకి దిగాయి. ఆదిలాబాద్ వైపు సరిహద్దు జిల్లాల్లో తెలంగాణ ప్రభుత్వం అగ్నిమాపక యంత్రాలను, పురుగుమందులను సిద్ధం చేసి కాపలా పెట్టింది. పత్రికల్లో అప్పుడు మిడతల గురించి చాలా రాశారు. వాటిని పుట్టించింది రెండేళ్ల కిందట వాన పడదని పేరున్న చోట పడ్డ రెండు వానలని రాసినవాళ్లు తక్కువ.